బైక్‌కి కొత్త బ్రేక్ ప్యాడ్లు కొంటున్నారా? ధర, స్పెక్స్ కంటే ముందు ఇవి చూడండి!

ఫోన్ కొనేటప్పుడు మనం ఎంత రీసెర్చ్ చేస్తాం? ప్రాసెసర్ ఏది, ఛార్జింగ్ ఎన్ని వాట్లు, డిస్‌ప్లే ఎన్ని హెర్ట్జ్ అని పది రివ్యూలు చూస్తాం. నలుగురిని అడుగుతాం. సేల్ వచ్చేదాకా ఆగి మరీ కొంటాం. అదే రోజూ ఎక్కే బండికి బ్రేక్ ప్యాడ్లు మార్చాల్సి వస్తే? "అన్నా, ప్యాడ్లు అయిపోయినయ్, ఎయ్యమంటవా?" అని మెకానిక్ అడుగుతాడు. "ఎయ్ అన్నా" అంటాం. ఏ కంపెనీవి వేశాడో, ఏ రకం వేశాడో కూడా చూడం.

నేను అంతకంటే పెద్ద తప్పే చేశాను. మెకానిక్ చెప్పిన రేటు ఎక్కువ అనిపించి, మా తమ్ముడి 150 సీసీ బైక్‌కి ఆన్‌లైన్‌లో వెతికి అన్నిటికంటే చవకైన ప్యాడ్లు ఆర్డర్ పెట్టాను. పేజీలో రేటింగ్ బాగానే ఉంది. "హై పెర్ఫార్మెన్స్" అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. మిగిల్చింది రెండు వందల యాభై రూపాయలు. మూడు వారాల తర్వాత వానాకాలం సాయంత్రం, వాడు ఆఫీసు నుంచి వస్తుంటే ముందున్న ఆటో సడన్‌గా ఆగింది. లివర్ గట్టిగానే ఉంది, వీడు గట్టిగానే నొక్కాడు, కానీ బండి ఆగట్లేదు. చివరికి ఆటో వెనక బంపర్‌కి ముందు టైరు తగిలి ఆగింది. అదృష్టం బాగుండి మోచేయి గీసుకుపోవడంతో సరిపోయింది.

మర్నాడు మెకానిక్ కాలిపర్ విప్పి ప్యాడ్ నా చేతిలో పెట్టాడు. రుద్దుకునే పొర స్టీల్ ప్లేట్ నుంచి ఒక మూల ఊడిపోయి, మధ్యలో పగులు వచ్చి ఉంది. "ఇది ప్యాడ్ కాదన్నా, కుండ పెంకు" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ రోజు నుంచి ఈ టాపిక్ మీద కూర్చుని నేర్చుకున్నదంతా ఈ ఆర్టికల్‌లో సింపుల్‌గా చెప్తాను. ముఖ్యంగా బైకుల గురించే మాట్లాడుకుందాం. కార్లు, స్కూటర్లు, ఈవీలు ఉన్నవాళ్ల కోసం చివర్లో ప్రత్యేకంగా ఒక సెక్షన్ ఉంది.

ముందు ఒక చిన్న లెక్క: ప్యాడ్ ఎంత పని చేస్తుంది?

బ్రేక్ ప్యాడ్ అంటే ఒక స్టీల్ ప్లేట్, దాని మీద అతికించిన రాపిడి పొర. అంతే. లివర్ నొక్కితే బ్రేక్ ఆయిల్ ఒత్తిడితో కాలిపర్‌లోని పిస్టన్ కదిలి, రెండు ప్యాడ్లు డిస్క్‌ని రెండు వైపుల నుంచి పట్టుకుంటాయి. బండి వేగంలో ఉన్న శక్తి మొత్తం వేడిగా మారుతుంది.

ఎంత వేడి? బైక్, మనిషి కలిపి 225 కిలోలు అనుకుందాం. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఉన్నప్పుడు దాని శక్తి దాదాపు 31 వేల జౌళ్లు. మీ ఫోన్‌లోని 5000 ఎంఏహెచ్ బ్యాటరీ ఫుల్‌గా ఛార్జ్ అయితే అందులో ఉండేది సుమారు 69 వేల జౌళ్లు. అంటే ఫోన్ బ్యాటరీలో దాదాపు సగం శక్తిని బ్రేకులు 3 సెకన్లలో వేడిగా మార్చేయాలి. వాట్లలో చెప్పాలంటే 10 వేల వాట్ల పైమాటే. మనం గొప్పగా చెప్పుకునే 67 వాట్ల ఫాస్ట్ ఛార్జర్లు 150 కలిపితే వచ్చేంత పవర్ అది! ఆ భారమంతా మోసేది అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దగా ఉండే ఆ ప్యాడ్లు, వాటి మధ్య తిరిగే పల్చటి డిస్క్.

ఇంకో విషయం. వేగం 60 నుంచి 80కి పెరిగితే శక్తి మూడో వంతు పెరగదు, దాదాపు 1.8 రెట్లు అవుతుంది. 60లో 25 మీటర్లలో ఆగిన బండి, అదే పట్టుతో 80లో ఆగడానికి 44 మీటర్లు తీసుకుంటుంది. మీరు ప్రమాదాన్ని గమనించి లివర్ నొక్కేలోపు ముందుకు వెళ్లిపోయే దూరం దీనికి అదనం.

నిజంగా మార్చాల్సిన టైమ్ వచ్చిందా?

దీనికి మెకానిక్ దగ్గరికి వెళ్లక్కర్లేదు. మీ ఫోనే చాలు. బండి సెంటర్ స్టాండ్ లేదా సైడ్ స్టాండ్ వేసి, ఫోన్ టార్చ్ ఆన్ చేసి కాలిపర్ సందులోకి చూడండి. కన్ను పెట్టడానికి చోటు లేకపోతే కెమెరా జూమ్ చేసి ఫొటో తీయండి. డిస్క్‌కి రెండు పక్కలా ప్యాడ్ కనిపిస్తుంది. వెనక మెరిసే స్టీల్ ప్లేట్‌ని వదిలేసి, డిస్క్‌కి తగిలే ముదురు రంగు పొర ఎంత మిగిలిందో చూడాలి.

చాలా ప్యాడ్ల మీద ఒక గాడి ఉంటుంది. అది అరుగుదల గుర్తు. గాడి కనిపించకుండా పోయిందంటే ప్యాడ్ పని అయిపోయినట్టే. గాడి లేకపోతే, పొర 2 మిల్లీమీటర్లకి వచ్చినప్పుడే కొత్తవి కొని పెట్టుకోండి. 1 మిల్లీమీటర్‌కి వస్తే ఇక నడపకండి. మీ బండి మాన్యువల్‌లో వేరే కొలత ఇచ్చి ఉంటే అదే ఫైనల్. రెండు ప్యాడ్లనీ చూడటం మర్చిపోవద్దు. బయటిది బాగానే ఉండి లోపలిది అరిగిపోయిన బండ్లు బోలెడు.

ప్రతి నెలా ఒకటో తారీకున ఒక ఫొటో తీసి పెట్టుకుంటే అరుగుదల స్పీడ్ ఎంతో మీకే తెలిసిపోతుంది. ఇది నేను పాటిస్తున్న అలవాటు, చాలా పనికొస్తుంది.

అయితే బ్రేక్ ప్రాబ్లం అనగానే ప్యాడ్లే కారణం కాదు. డబ్బులు వేస్ట్ చేసుకునే ముందు ఈ లక్షణాలు చూడండి:

• లివర్ మెత్తగా, స్పాంజ్ లాగా లోపలికి వెళ్తోంది: చాలాసార్లు బ్రేక్ ఆయిల్ లైన్‌లో గాలి చేరి ఉంటుంది. ప్యాడ్లు మారిస్తే తగ్గదు, ఆయిల్ బ్లీడింగ్ చేయించాలి.
• బ్రేక్ వేసినప్పుడు లివర్ కింద టక్ టక్ అని కొట్టుకుంటోంది: డిస్క్ వంగి ఉండొచ్చు, లేదా ఒక చోట మందంగా, ఒక చోట పల్చగా అరిగి ఉండొచ్చు.
• కీచుమని శబ్దం: దుమ్ము, లేదా ప్యాడ్ ఉపరితలం అద్దంలా నున్నబడటం. రాత్రి వానలో తడిసిన బండి పొద్దున్నే రెండు మూడు సార్లు కీచుమంటే కంగారు పడక్కర్లేదు, అది డిస్క్ మీది పల్చటి తుప్పు.
• గరగరమని ఇనుము గీసిన శబ్దం: పొర అయిపోయి స్టీల్ ప్లేట్ డిస్క్‌ని కోస్తోంది. బండి అక్కడే ఆపండి.
• ఒక ప్యాడ్ బాగా అరిగి రెండోది కొత్తదానిలా ఉంది: కాలిపర్ పిన్నులు లేదా పిస్టన్ పట్టేసి ఉంటాయి. అది సరిచేయకుండా కొత్త ప్యాడ్లు వేస్తే అవి కూడా అలాగే పోతాయి.
• బ్రేక్ ఆయిల్ లెవెల్ తగ్గింది: ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్ బయటికి వచ్చి ఆయిల్ లెవెల్ కొద్దికొద్దిగా తగ్గడం సహజం. లీకేజీ లేదని, ప్యాడ్లు ఎంత మిగిలాయో చూసుకోకుండా ఆయిల్ నింపేయకండి.

స్టెప్ 1: ముందు ఫిట్ అయ్యేది కనుక్కోండి

ఫోన్ కవర్ కొనేటప్పుడు "ప్రో", "ప్రో ప్లస్" తేడా చూస్తాం కదా, ఇక్కడా అంతే. బండి పేరు ఒకటే అయినా మోడల్ సంవత్సరం మారితే కాలిపర్ మారిపోవచ్చు. మన దేశంలో 125 సీసీ దాటిన బైకులకి ఏబీఎస్ తప్పనిసరి అయ్యింది. కొత్త మోడళ్లకి 2018 ఏప్రిల్ నుంచి, అప్పటికే అమ్ముడవుతున్న మోడళ్లకి 2019 ఏప్రిల్ నుంచి ఆ రూల్ వచ్చింది. ఆ సమయంలో, ఆ తర్వాత వచ్చిన మార్పుల్లో కొన్ని బండ్లకి బ్రేక్ భాగాలు కూడా మారాయి. అందుకే "నా బైక్ ఫలానా" అని పేరు చెప్పి కొంటే రిస్కే.

చేయాల్సిన పని ఇది:

1. మాన్యువల్‌లో లేదా కంపెనీ స్పేర్ పార్ట్స్ కేటలాగ్‌లో ప్యాడ్ పార్ట్ నంబర్ చూడండి. దొరక్కపోతే ఆర్‌సీలో ఉన్న ఛాసిస్ నంబర్ చెప్పి షోరూమ్ స్పేర్స్ కౌంటర్‌లో అడగండి.
2. ముందు చక్రానిదా, వెనక చక్రానిదా క్లియర్‌గా చెప్పండి. రెండూ ఒకేలా ఉండవు.
3. వేరే కంపెనీ ప్యాడ్ కొంటుంటే, ఆ కంపెనీ కేటలాగ్‌లో మీ మోడల్, మీ సంవత్సరం ఉన్నాయా చూడండి. కేవలం అమ్మేవాడు పేజీలో రాసిన లిస్ట్ నమ్మొద్దు.
4. పాత ప్యాడ్ విప్పాక కొత్తదాన్ని దాని పక్కన పెట్టి ఆకారం, పిన్ను రంధ్రాలు, ప్లేట్ మందం పోల్చి చూడండి. "కొంచెం గ్రైండ్ చేస్తే సెట్ అయిపోద్ది" అని ఎవరైనా అంటే ఆ ప్యాడ్ అక్కడే వదిలేసి వచ్చేయండి.

స్టెప్ 2: మెటీరియల్, అసలు కథ ఇక్కడే ఉంది

ఆర్గానిక్: ఫైబర్లు, రబ్బరు, రెసిన్ లాంటివి కలిపి నొక్కి చేస్తారు. చాలా కమ్యూటర్ బైకులకి, స్కూటర్లకి కంపెనీ నుంచి వచ్చేవి ఈ రకమే. చల్లగా ఉన్నప్పుడే బాగా పట్టుకుంటాయి, శబ్దం తక్కువ, డిస్క్‌ని పెద్దగా అరగదీయవు, ధర తక్కువ. మైనస్ ఏంటంటే త్వరగా అరుగుతాయి, ఎక్కువ వేడెక్కితే పట్టు తగ్గుతుంది.

సెమీ మెటాలిక్: రెసిన్ మిశ్రమంలో స్టీల్, రాగి లాంటి లోహపు పొడి, తీగలు కలుపుతారు. వేడిని ఆర్గానిక్ కంటే బాగా తట్టుకుంటాయి. కాస్త శబ్దం, కాస్త ఎక్కువ దుమ్ము. ఆర్గానిక్‌కి, కింద చెప్పే సింటర్డ్‌కి మధ్యలో నిలబడతాయి.

సింటర్డ్: లోహపు పొడిని విపరీతమైన వేడి, ఒత్తిడితో ఒక ముద్దగా చేస్తారు. వానలో తడిసినా పట్టు పెద్దగా తగ్గదు, వేడికి తట్టుకుంటాయి, ఎక్కువ కాలం వస్తాయి. అయితే డిస్క్‌ని ఎక్కువ అరగదీస్తాయి. వేడిని కాలిపర్ లోపలికి, అంటే బ్రేక్ ఆయిల్ వైపు కూడా ఎక్కువగా పంపిస్తాయి. వీటిని తట్టుకునేలా చేసిన డిస్క్ ఉంటేనే వాడాలి.

సెరామిక్: ఇది ఎక్కువగా కార్లలో వినిపించే పేరు. శబ్దం తక్కువ, చక్రాల మీద నల్ల దుమ్ము తక్కువ, ధర ఎక్కువ.

చాలామంది చేసే పొరపాటు ఇక్కడే. "సింటర్డ్ అంటే బెస్ట్ కదా, అదే వేసేద్దాం" అనుకుంటారు. ఆర్గానిక్ కోసం డిజైన్ చేసిన చిన్న డిస్క్‌కి సింటర్డ్ వేస్తే ప్యాడ్ చాలాకాలం వస్తుంది కానీ డిస్క్ అరిగిపోతుంది. డిస్క్ ధర ప్యాడ్ కంటే చాలా ఎక్కువ. పైగా ఏబీఎస్ లేని బండికి అలవాటు లేని గట్టి పట్టు వస్తే, తడి రోడ్డు మీద ముందు చక్రం లాక్ అయ్యే ప్రమాదం ఉంది. రివర్స్‌లో కూడా తప్పే. కంపెనీయే సింటర్డ్ ఇచ్చిన బండికి డబ్బు మిగులుతుందని ఆర్గానిక్ వేస్తే, ఆ బండి బరువుకి, స్పీడ్‌కి అది చాలకపోవచ్చు.

కాబట్టి రూల్ సింపుల్: కంపెనీ ఏ రకం ఇచ్చిందో అదే మీ స్టార్టింగ్ పాయింట్. మార్చాలంటే, ప్యాడ్ కంపెనీ కేటలాగ్‌లో మీ మోడల్‌కి ఆ రకం ఉందో లేదో చూసి మాత్రమే మార్చండి.

రేసింగ్ ప్యాడ్ల జోలికి మాత్రం వెళ్లకండి. ట్రాక్ కోసం చేసినవి బాగా వేడెక్కితే తప్ప పట్టు ఇవ్వవు. మన సిటీ ట్రాఫిక్‌లో, పొద్దున్నే మొదటి సిగ్నల్ దగ్గర అవి చల్లగానే ఉంటాయి.

స్టెప్ 3: ప్యాడ్ మీద ఉన్న అక్షరాలు ఏం చెప్తున్నాయి?

కొన్ని ప్యాడ్ల అంచు మీద లేదా వెనక ప్లేట్ మీద రెండు ఇంగ్లీష్ అక్షరాలు కనిపిస్తాయి: ఎఫ్‌ఎఫ్, జీఎఫ్, హెచ్‌హెచ్ ఇలా. ఇది ఎస్ఏఈ జే866 అనే పద్ధతి. రాపిడి ఎంత ఉందో చెప్పే కోడ్ అది.

• ఈ: 0.25 నుంచి 0.35
• ఎఫ్: 0.35 నుంచి 0.45
• జీ: 0.45 నుంచి 0.55
• హెచ్: 0.55 పైన

మొదటి అక్షరం మామూలు వేడిలో ఉన్న పట్టు, రెండోది బాగా వేడెక్కాక ఉన్న పట్టు. అంటే జీఎఫ్ అని ఉంటే వేడెక్కినప్పుడు పట్టు కాస్త తగ్గుతుందని అర్థం. జీజీ అంటే వేడెక్కినా అదే రేంజ్‌లో నిలబడుతుంది. రెండో అక్షరం మొదటిదానికంటే బాగా కింద ఉంటే ఘాట్ రోడ్ల మీద తిరిగేవాళ్లు ఆలోచించుకోవాలి.

ఈ నంబర్లకి రోడ్డు మీద అర్థం ఏంటి? అదే బలంతో లివర్ నొక్కినప్పుడు 0.40 ఉన్న ప్యాడ్‌తో 25 మీటర్లలో ఆగే బండి, 0.30కి పడిపోతే దాదాపు 33 మీటర్లు తీసుకుంటుంది. తేడా 8 మీటర్లు. రెండు కార్లు వరుసగా నిలబడేంత దూరం.

కానీ జాగ్రత్త, ఇది క్వాలిటీ గ్రేడ్ కాదు. ఒక అంగుళం చదరం ఉన్న చిన్న ముక్కను ల్యాబ్ మెషిన్‌లో పెట్టి చేసిన టెస్ట్ అది. ప్యాడ్ ఎంతకాలం వస్తుందో, తడిస్తే ఎలా ఉంటుందో, మీ డిస్క్‌కి సరిపోతుందో అది చెప్పదు. ఫోన్ల బెంచ్‌మార్క్ స్కోర్ లాంటిదే అనుకోండి. స్కోర్ పెద్దదైనంత మాత్రాన ఫోన్ చేతిలో బాగుంటుందని గ్యారంటీ లేదు కదా. బండికి కంపెనీ ఇచ్చిన ప్యాడ్ మీద ఏ అక్షరాలు ఉన్నాయో చూసి, దానికి దగ్గరగా ఉన్నది తీసుకోవడమే మంచిది.

స్టెప్ 4: ఒరిజినలా, డూప్లికేటా?

నకిలీ ఛార్జర్ ఫోన్‌ని పాడు చేస్తుంది. నకిలీ ప్యాడ్ ఎముకలు విరగ్గొడుతుంది. ఇవి చెక్ చేయండి:

• ప్యాకింగ్ మీద తయారీదారు లేదా ప్యాకర్ పేరు, చిరునామా, ఎమ్మార్పీ, తయారైన నెల, సంవత్సరం, కస్టమర్ కేర్ వివరాలు ఉండాలి. మన దేశంలో ప్యాక్ చేసి అమ్మే వస్తువులకి ఇవి చట్టప్రకారం తప్పనిసరి.
• ప్యాకెట్ మీది పార్ట్ నంబర్, ప్యాడ్ ప్లేట్ మీద ముద్రించిన నంబర్ మ్యాచ్ అవ్వాలి. ప్లేట్ మీద ఏ అక్షరమూ, ఏ బ్యాచ్ నంబరూ లేకపోతే కొనకండి.
• హోలోగ్రామ్ లేదా క్యూఆర్ కోడ్ ఉంటే స్కాన్ చేయండి. అది కంపెనీ అధికారిక సైట్‌కే వెళ్తోందా చూడండి.
• ప్యాడ్‌ని చేత్తో పట్టుకుని పొర అంచులు గమనించండి. ప్లేట్‌కి, పొరకి మధ్య సందు, పగుళ్లు, గాలి బుడగలు కనిపించకూడదు. మా తమ్ముడి ప్యాడ్‌లో ఆ సందు మొదటి రోజే ఉండి ఉంటుంది. నేను చూడలేదు.
• "ఆస్బెస్టాస్ ఫ్రీ" అని రాసి ఉన్నవే తీసుకోండి. ఆస్బెస్టాస్ ధూళి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే క్యాన్సర్ రావచ్చు. ఏ ప్యాడ్ అయినా సరే, కాలిపర్‌లోని దుమ్ముని నోటితో ఊదడం, ఎయిర్ గన్‌తో కొట్టడం చేయొద్దు. తడి గుడ్డతో తుడవాలి.

ఎక్కడ కొనాలి అంటే నా సలహా: కంపెనీ స్పేర్స్ కౌంటర్, లేదా పేరున్న బ్రేక్ కంపెనీ అధికారిక డీలర్. ఆన్‌లైన్‌లో కొంటే అమ్మే వ్యక్తి ఎవరో చూడండి. ఎమ్మార్పీలో పావు వంతుకే ఇస్తున్నాడంటే ఎందుకిస్తున్నాడో ఒకసారి ఆలోచించండి. బిల్లు తప్పకుండా తీసుకోండి.

ఎవరికి ఏది సూట్ అవుతుంది?

రోజూ సిటీలో ఆఫీసు, కాలేజీ తిరిగేవాళ్లు: కంపెనీ ఇచ్చిన రకమే వేయండి, ఎక్కువ ఆలోచించక్కర్లేదు. చాలా బండ్లకి అది మంచి ఆర్గానిక్ ప్యాడ్ అవుతుంది.

వానల్లోనూ ఆగకుండా తిరిగే డెలివరీ రైడర్లు: రోజుకి వందల సార్లు బ్రేక్ వేస్తారు, తడి రోడ్లు, పైగా వెనక బరువు. మీ మోడల్‌కి కేటలాగ్‌లో సెమీ మెటాలిక్ లేదా సింటర్డ్ ఉంటే ఆలోచించొచ్చు. ప్యాడ్ చెకింగ్ మాత్రం నెలకి రెండు సార్లు చేసుకోండి.

ఘాట్ రోడ్ రైడర్లు: తిరుమల నుంచి దిగే పాత ఘాట్ రోడ్డు గానీ, అరకు దారి గానీ, శ్రీశైలం దారి గానీ, దిగేటప్పుడు వరుసగా బ్రేకులు వాడుతూనే ఉంటాం. ప్యాడ్ చల్లబడే టైమ్ దొరకదు. వేడి మీద పట్టు నిలబడే ప్యాడ్ ఇక్కడ ముఖ్యం. అంతకంటే ముఖ్యం, తక్కువ గేరులో దిగడం. ఇంజిన్ కూడా బండిని పట్టి ఉంచితే బ్రేకుల మీద సగం భారం తగ్గినట్టే. న్యూట్రల్‌లో దిగితే పెట్రోల్ మిగులుతుందని అనుకునేవాళ్లకి నా దండం.

పవర్‌ఫుల్ బైకులు, హైవే టూరింగ్: చాలావరకు కంపెనీయే వేడికి తట్టుకునే ప్యాడ్లు ఇస్తుంది. తక్కువ రకానికి దిగకండి.

ఇంకొక అపోహ: "మాది ఏబీఎస్ బండి, ప్యాడ్ ఏదైనా పర్లేదు." ఏబీఎస్ చేసే పని చక్రం లాక్ అవ్వకుండా ఒత్తిడిని వదలడం, మళ్లీ పట్టడం. ప్యాడ్‌లో లేని పట్టుని అది కొత్తగా పుట్టించలేదు. సాఫ్ట్‌వేర్ ఎంత బాగున్నా హార్డ్‌వేర్ లేకపోతే ఏం చేస్తుంది?

ప్యాడ్లతో పాటు ఈ రెండూ చూడాలి

డిస్క్: డిస్క్ మీద కనీస మందం ఎంత ఉండాలో చిన్న అక్షరాలతో చెక్కి ఉంటుంది. మెకానిక్ దగ్గర కొలిచే పరికరం ఉంటే కొలిపించండి. అంతకంటే తగ్గితే డిస్క్ మార్చాల్సిందే. చల్లగా ఉన్నప్పుడు గోరుతో అంచు మీద గీయండి. పెద్ద మెట్టులా తగిలితే బాగా అరిగినట్టు.

కొత్త ప్యాడ్లు వేసేముందు డిస్క్‌ని శుభ్రం చేయాలి. ఇక్కడ మన గ్యాడ్జెట్ వాళ్లకి పండగే. ఫోన్ రిపేర్‌కి వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఇంట్లో ఉంటే అదే పనికొస్తుంది. లేదంటే బ్రేక్ క్లీనర్ స్ప్రే. చైన్ లూబ్, తుప్పు వదిలించే స్ప్రేలు, టైర్ పాలిష్ మాత్రం డిస్క్ దగ్గరికి రానివ్వకండి. చైన్‌కి కొట్టిన లూబ్ వెనక డిస్క్ మీద పడి బ్రేకులు పోయిన బండ్లు చాలా ఉన్నాయి. నూనె పీల్చుకున్న ప్యాడ్‌ని కడిగినా లాభం లేదు, మార్చాల్సిందే.

బ్రేక్ ఆయిల్: ఇది గాలిలోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ చేరాక ఆ కనీస హద్దు 155కి పడిపోతుంది. ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు వస్తాయి, లివర్ హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది, బ్రేకులు ఉండవు. చాలా కంపెనీలు రెండేళ్లకోసారి మార్చమంటాయి. ప్యాడ్లు మార్చేటప్పుడే ఇది కూడా చేయించేస్తే ఒక పని అయిపోతుంది. మూత మీద డాట్ 4 అని ఉంటే డాట్ 4 మాత్రమే పోయించండి. సిలికాన్‌తో చేసిన డాట్ 5 అస్సలు కలపకూడదు.

బిగించాక మొదటి అరగంట చాలా ముఖ్యం

కొత్త ప్యాడ్లు పట్టడానికి పిస్టన్‌ని వెనక్కి నెడతారు. అందుకే మొదటిసారి లివర్ నొక్కితే ఖాళీగా లోపలికి పోతుంది. బండి స్టార్ట్ చేయకముందే లివర్ గట్టిపడేదాకా పదిసార్లు నొక్కండి. ఇది మర్చిపోయి గ్యారేజీ గేటుకే గుద్దినవాళ్లు ఉన్నారు.

తర్వాత "బెడ్డింగ్". కొత్త ప్యాడ్, పాత డిస్క్ ఒకదానికొకటి పూర్తిగా తగలవు. ట్రాఫిక్ లేని రోడ్డులో 50 వేగం నుంచి 15 దాకా మెల్లగా, ఒకే ఒత్తిడితో తగ్గించండి. పూర్తిగా ఆపకండి. కాసేపు నడిపి చల్లబడనివ్వండి. ఇలా పదిహేను, ఇరవై సార్లు చేయండి. ప్యాడ్ ప్యాకెట్ మీద వేరే పద్ధతి రాసి ఉంటే దాన్నే పాటించండి. మొదటి 150, 200 కిలోమీటర్లు గ్యాప్ ఎక్కువ పెట్టి నడపండి, అవసరమైతే తప్ప గట్టి బ్రేకులు వద్దు. మొదటి రోజే "పట్టట్లేదు" అని తిట్టుకోకండి.

కారు, స్కూటర్, ఈవీ ఉన్నవాళ్లకి

కారు: ఒకే ఇరుసు మీద ఉన్న రెండు చక్రాలకీ ఒకేసారి మార్చాలి. ఒక వైపు కొత్తవి, ఒక వైపు పాతవి ఉంటే బ్రేక్ వేసినప్పుడు కారు పక్కకి లాగుతుంది. చాలా కార్ల ప్యాడ్లకి ఒక చిన్న లోహపు రేకు ఉంటుంది. ప్యాడ్ అరిగాక అది డిస్క్‌కి తగిలి కీచుమంటుంది. మ్యూజిక్ సౌండ్ తగ్గిస్తే వినిపిస్తుంది! పొర 3 మిల్లీమీటర్లకి వస్తే మార్చే ఏర్పాటు చేసుకోండి.

స్కూటర్: చాలా స్కూటర్లకి వెనక, కొన్నిటికి ముందు కూడా డ్రమ్ బ్రేకులే. వాటిలో ఉండేవి ప్యాడ్లు కావు, బ్రేక్ షూలు. బయటికి కనిపించవు కాబట్టి డ్రమ్ దగ్గర ఉండే అరుగుదల బాణం గుర్తు చూడాలి. షాపులో అడిగేటప్పుడు "ప్యాడ్లు" అంటే తప్పు పార్ట్ చేతిలో పెడతారు.

ఈవీ స్కూటర్: మోటారే బండిని నెమ్మదింపజేసే రీజెన్ ఫీచర్ వల్ల ప్యాడ్లు తక్కువ అరుగుతాయి. కానీ వాడకం తగ్గితే పిన్నులు పట్టేయడం, డిస్క్ తుప్పు పట్టడం, ప్యాడ్ నున్నబడటం జరుగుతాయి. అరగలేదు కదా అని వదిలేయకుండా సర్వీస్‌లో కాలిపర్ విప్పి క్లీన్ చేయించండి.

చివరిగా

ఇంతకీ మా తమ్ముడి బైక్‌కి తర్వాత ఏం వేశాం అనుకుంటున్నారా? సింటర్డ్ కాదు, రేసింగ్ కాదు. ఛాసిస్ నంబర్ చెప్పి, స్పేర్స్ కౌంటర్‌లో కంపెనీ ప్యాడ్లే తీసుకున్నాం. డిస్క్ కొలిపించి, బ్రేక్ ఆయిల్ మార్పించాం. ఆదివారం పొద్దున్నే ఖాళీ రోడ్డులో ఇద్దరం కలిసి బెడ్డింగ్ చేశాం. నేను మిగిల్చుకున్న రెండు వందల యాభైకి, వాడి మోచేతి మీద మచ్చ ఇప్పటికీ ఉంది.

ఫోన్ తప్పు కొంటే ఏడాదికో, రెండేళ్లకో ఇంకోటి కొనుక్కోవచ్చు. ప్యాడ్ విషయంలో ఆ ఛాన్స్ ప్రతిసారీ దొరకదు. కాబట్టి వరుస గుర్తుంచుకోండి: ముందు పార్ట్ నంబర్, తర్వాత కంపెనీ ఇచ్చిన మెటీరియల్, తర్వాత ప్యాకెట్ అసలుదో కాదో, ధర చివర్లో. ఇప్పుడే కిందకి వెళ్లి, ఫోన్ టార్చ్ ఆన్ చేసి మీ బండి ప్యాడ్లు ఒకసారి చూసేయండి. రెండు నిమిషాల పనే. ఇంట్లో నాన్నగారి స్కూటర్ ఉంటే, పనిలో పనిగా దాని బ్రేకులు కూడా చూడండి.

సేఫ్‌గా రైడ్ చేయండి!